పెంకుటింట్లో పొగ నిలవని కర్రల పొయ్యి ఎలా కట్టుకోవాలి

"గొట్టం పెట్టించాం, అయినా పొగంతా ఇంట్లోకే వస్తోంది, ఏం చెయ్యాలి?" చలి మొదలవగానే శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో ఎక్కువగా వినపడే ప్రశ్న ఇది. గ్యాసు బండ ఉన్నా, స్నానాలకి నీళ్లు కాగాలన్నా, ఎడ్లకి ఉలవలు ఉడకాలన్నా, సంక్రాంతికి అరిసెలు వండాలన్నా పాత వంటింట్లో కర్రల పొయ్యే వెలుగుతుంది. దానికో గొట్టం తగిలిస్తే పొగ పోతుందనుకుంటారు. ఊరికే తగిలిస్తే పోదు. నిప్పు దగ్గర్నుంచి గొట్టం కొస దాకా దారి ఎక్కడా ఇరుకు కాకూడదు, ఆ దారిలో సందులు ఉండకూడదు, కర్ర బాగా ఎండి ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా గొట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక్కడ చెప్పేది రెండు గిన్నెల మట్టి పొయ్యి. ముందు గిన్నె కింద మంట. ఆ వేడి వెనక గిన్నె కిందుగా పోయి, గోడలోంచి బయటికి వెళ్లి, గొట్టం ఎక్కుతుంది. వెనక గిన్నె స్థానంలో నీళ్ల కాగు పెట్టుకుంటే వంట అయ్యేసరికి స్నానాల నీళ్లూ వేడెక్కుతాయి. ఈ మట్టి దిమ్మ చలికాలం రాత్రి చాలాసేపు వంటగదిని వెచ్చగా ఉంచుతుంది. వేసవిలో మాత్రం అదే ఇబ్బంది, అప్పుడు వంట పెరట్లోకి మార్చుకోవాల్సిందే.

ముందే ఒక మాట. మీది తాటాకు కప్పు గానీ గడ్డి కప్పు గానీ అయితే ఈ పని ఇంట్లో చెయ్యకండి. గొట్టం కొసనుంచి ఎగిరే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంటికి దూరంగా రేకుల పాక వేసి అందులో కట్టుకోండి.

కావలసినవి

పుట్టమన్ను 4 తట్టలు. దొరక్కపోతే చెరువు బంకమట్టి 3 తట్టలు, ఇసుక 1 తట్ట. ఊక 1 తట్ట. పేడ అర తట్ట. ఇటుకలు 85 (పొయ్యికి 25, గోడ బయట గొట్టం కింద కట్టే పెట్టెకి 55, విరిగేవాటికి 5). వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప జాలీ ఒకటి: 8 మి.మీ. చువ్వలు 10, ఒక్కోటి 9 అంగుళాల పొడవు, చువ్వకీ చువ్వకీ మధ్య 12 మి.మీ. సందు. గొట్టం దారికి గోడలో తవ్వే కన్నం పైన పెట్టడానికి కడప రాయి ముక్క, 18 అంగుళాల పొడవు, గోడ మందానికి సరిపడా వెడల్పు. లోపల 4 అంగుళాల వెడల్పున్న గొట్టం, పైన టోపీ, గోడకి పట్టే క్లాంపులు, జి.ఐ. తీగ. బయటి పనికి కాస్త సిమెంటు, ఇసుక.

గొట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, తప్పులు జరిగేది ఇక్కడే. సిమెంటు గొట్టం మన్నుతుంది గానీ పాత ఆస్‌బెస్టాస్ రకమైతే కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి, ఆరుబయట, ముక్కుకి గుడ్డ కాదు సరైన మాస్కు కట్టుకుని కొయ్యాలి. కోసే పనే లేకుండా పూర్తి పొడవు వాడుకుంటే ఇంకా మంచిది. జి.ఐ. రేకు గొట్టం తేలిక, బిగించడం సులువు, కానీ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తొందరగా తుప్పు పడుతుంది. మందస, సోంపేట, కవిటి వైపు ఉన్నవాళ్లు రేకు వాడితే ప్రతి ఏడూ వానలకి ముందు తట్టి చూడాలి. బోరు పనిలో మిగిలిన పి.వి.సి. గొట్టం మాత్రం ఎవరెంత చెప్పినా పెట్టకండి. మరిగే నీటి వేడికి కూడా తట్టుకోకుండా మెత్తబడుతుంది, కాలితే గొంతు పట్టేసే విషవాయువు వస్తుంది.

1. గోడ ఎంచుకోండి

గొట్టాన్ని పెంకుల మధ్యలోంచి పైకి తియ్యాలని అందరికీ మొదట తోస్తుంది. ఒంటి రేకు గొట్టానికీ చెక్కకీ మధ్య 18 అంగుళాల దూరం ఉండాలి. పెంకుటింట్లో వాసాలు అంత దూరంగా ఉండవు, ఎటు జరిపినా ఏదో ఒక వాసం దగ్గరవుతుంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన పాత చెక్క ఎండిపోయి తక్కువ వేడికే అంటుకుంటుంది. అందుకే గోడలోంచి బయటికి తీసి, బయట పైకి లేపడమే మంచిది.

చూరు దిగే గోడ కన్నా, త్రికోణంగా పైకి లేచే పక్క గోడ మేలు, గొట్టానికి చూరు అడ్డురాదు. నాలుగు వాలుల ఇల్లయితే వేరే దారి లేదు. చూరు దగ్గర పెంకులు తీసి రేకు పరిచి, అక్కడి చెక్కలని వెనక్కి కత్తిరించి, దూరం పాటించి పైకి తియ్యాలి. అది వడ్రంగి పని, మీరు మొదలుపెట్టకండి.

గోడలో కన్నం మూలకి రెండడుగుల లోపు రాకూడదు, దూలం ఆనిన చోటుకి సరిగ్గా కిందా రాకూడదు. పాత మట్టిగోడ బరువంతా అక్కడే మోస్తుంది.

2. మట్టి కలపండి

పుట్టమన్ను గడ్డలు కొట్టి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి ఒక రాత్రి నాననివ్వండి. తెల్లారి ఊక, పేడ వేసి కాళ్లతో బాగా తొక్కండి. మళ్లీ ఒక రోజు గోనె కప్పి ఉంచండి. ఆత్రపడి అదే రోజు కట్టినవి పగుళ్లతో పోతాయి.

పరీక్ష చిన్నది. ఆ మట్టితో 9 అంగుళాల ఇటుక ఒకటి చేసి నీడలో 3 రోజులు ఆరబెట్టండి. అర అంగుళం కన్నా ఎక్కువ కుంచించుకుపోయినా, నెర్రెలు విచ్చినా బంక ఎక్కువైంది, ఇసుక గానీ ఊక గానీ కలపండి. వేలితో గీకితే పొడిగా రాలితే బంక చాల్లేదు.

మంట తగిలే లోపలి భాగంలో సిమెంటు వాడకండి. వేడికి పెళుసెక్కి నెల తిరక్కుండా రాలుతుంది. ఏట్లో దొరికే నున్నటి రాళ్లూ వద్దు, లోపల తేమ ఉన్న రాయి వేడికి పేలుతుంది.

3. గోడకి కన్నం, బయట ఇటుక పెట్టె

కన్నం పొయ్యి వెనక భాగానికి ఎదురుగా రావాలి. దాని అడుగు, పొయ్యి కూర్చునే నేల నుంచి 6 అంగుళాల ఎత్తులో ఉండాలి. 5 అంగుళాల చదరంగా, లోపలి వైపు కన్నా బయటి వైపు ఒకటిన్నర అంగుళం ఎత్తుగా తవ్వండి. పైన కడప రాయి ముక్క దించి, లోపలంతా ఇటుక ముక్కలు, మట్టితో నున్నగా పూయండి. గోడ అడుగున్నర మందం ఉన్నా ఇబ్బంది లేదు, వాలు పైకి ఉంటే చాలు. బయటి వైపు అంచుకి సిమెంటు పూత వెయ్యకపోతే వానకి మట్టిగోడ ఆ కన్నం చుట్టూ కరగడం మొదలెడుతుంది.

బయట లోపల 9 అంగుళాల చదరం ఉండేలా, రెండున్నర అడుగుల ఎత్తు పెట్టె కట్టండి. అడుగున ఒక ఇటుకని సిమెంటు లేకుండా ఉత్త మట్టితో బిగించండి. మసి తియ్యడానికి అదే తలుపు. గొట్టం బరువు ఈ పెట్టె మీదే పడాలి, పొయ్యి మీద పడకూడదు.

4. పొయ్యి కట్టండి

నేల మీద 34 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు గీత గీసుకోండి. ఎత్తు 11 అంగుళాలు. ప్రక్క గోడలు మూడున్నర అంగుళాలు.

ముందు వైపు కిందుగా బూడిద గూడు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు. దాని పైన, నేల నుంచి మూడున్నర అంగుళాల దగ్గర జాలీ పెట్టండి. జాలీ చివరలకీ మట్టికీ మధ్య సన్నటి సందు వదలండి, ఇనుము వేడికి సాగుతుంది. సందు లేకపోతే పొయ్యినే పగలగొడుతుంది. జాలీ మీదుగా పొయ్యి నోరు, 6 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు. జాలీ నుంచి గిన్నె అడుక్కి 7 అంగుళాలు ఉండాలి. దీని కన్నా తగ్గితే మంట గిన్నెకి తగిలి ఆరి మసి పడుతుంది, పెరిగితే వేడి అందదు. మంట గది లోపల చుట్టూ ఇటుకలు నిలబెట్టి మట్టి పూయండి.

ముందు గిన్నె కన్నం 8 అంగుళాలు, వెనకది ఏడున్నర. రెంటి కేంద్రాల మధ్య 12 అంగుళాలు. మంట గది నుంచి వెనక గదికి సొరంగం, 4 అంగుళాల వెడల్పు, మూడున్నర ఎత్తు. దాని పైన ఒకటిన్నర అంగుళం మట్టి మిగలాలి. ఈ కొలతకి కారణం ఉంది. 4 అంగుళాల గొట్టం వైశాల్యం దాదాపు పన్నెండున్నర చదరపు అంగుళాలు, సొరంగం 14. దారిలో ఏ చోటా గొట్టం కన్నా ఇరుకు కాకూడదు. మట్టి పూత పూసి పూసి సొరంగాన్ని అరచేతి మందానికి తెచ్చేవాళ్లు చాలామంది. పూత ఆరాక కూడా మళ్లీ స్కేలు పెట్టి కొలవండి.

వెనక గది నేల చదునుగా వదిలెయ్యకండి. మధ్యలో మట్టి దిబ్బ పెంచి, దాని నెత్తికీ కాగు అడుక్కీ మధ్య 2 అంగుళాలు ఉంచండి. వేడి ఆ దిబ్బకి కొట్టుకుని కాగు అడుగుని రాసుకుంటూ పోతుంది. లేకపోతే కింద నుంచి కిందకే జారి గొట్టంలోకి పోతుంది, నీళ్లు గోరువెచ్చగానే ఉండిపోతాయి. అక్కణ్ణుంచి గోడ కన్నానికి అదే కొలతతో ఇంకో సొరంగం.

గిన్నె కన్నాల అంచున పాత అలవాటుతో మూడు గెడ్డలు పెట్టకండి. గెడ్డల పొయ్యిలో పొగ గిన్నె చుట్టూ బయటికి రావాలి, ఇక్కడ రాకూడదు. గిన్నె అంచుకి మట్టి అతికినట్టు కూర్చోవాలి. తడి మట్టి మీదే మీరు రోజూ వాడే గిన్నెని తిప్పి తిప్పి గుర్తు పడేలా నొక్కండి. చిన్న గిన్నెలకి ఇనుప రింగు చేయించుకోండి. ఇది బాగా కుదిరితే సగం పొగ పని అయిపోయినట్టే.

5. గొట్టం లేపండి

కప్పు శిఖరం కన్నా 2 అడుగులు ఎత్తుండాలి. పక్కనే 10 అడుగుల లోపు మేడ గానీ ఇంకేదైనా ఎత్తైన కట్టడం గానీ ఉంటే దానికన్నా 2 అడుగులు ఎత్తు. ఉదాహరణకి శిఖరం నేల నుంచి 14 అడుగులైతే గొట్టం కొస 16 అడుగుల దగ్గర ఉండాలి. పెట్టె రెండున్నర అడుగులు పోను గొట్టం పదమూడున్నర అడుగులు. ఖర్చని మూడడుగులు తగ్గించినవాళ్లకే గాలి తిరిగినప్పుడల్లా పొగ వెనక్కి కొడుతుంది. గొట్టానికి ఎక్కడా వంపు వద్దు. అతుకులన్నీ మట్టి, పేడ కలిపి మూసెయ్యండి. టోపీకీ గొట్టం కొసకీ మధ్య 4 అంగుళాల ఖాళీ.

నాలుగేసి అడుగులకి ఒక క్లాంపు, పైన మూడు దిక్కులా తీగ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలనే నేలకూల్చింది, గొట్టం ఏపాటి? తుఫాను హెచ్చరిక వస్తే పొయ్యి ఆర్పి, టోపీ విప్పి, గొట్టం నోటికి గోనె కట్టండి. తర్వాత వెలిగించే ముందు ఆ గోనె తీశారో లేదో తప్పక చూసుకోండి.

6. ఆరబెట్టి, మెల్లగా కాల్చండి

నీడలో 8 నుంచి 10 రోజులు. ముసురు పడితే ఇంకో నాలుగు రోజులు. నెర్రెలు వస్తే పల్చని మట్టి, పేడతో అలకండి. తర్వాత మూడు రోజులు రోజుకి అరగంట చిదుగుల మంట మాత్రమే. నాలుగో రోజు నుంచి వంట.

కర్ర సంగతి

పచ్చి కర్రలో బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికే చాలా వేడి పోతుంది, మంట సరిగా మండక పొగ ఎక్కువవుతుంది. సరుగుడు, తుమ్మ, చింత నిలకడగా మండుతాయి. జీడి కర్రా పనికొస్తుంది గానీ బాగా ఎండాలి. తాటి మట్టలు, కొబ్బరి చిప్పలు అంటించడానికి, కొబ్బరి డొక్కలు మాత్రం పొగ పెట్టడానికే బాగుంటాయి.

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడి పిక్కల తొక్కు చవగ్గా దొరుకుతుంది. దాన్ని ఇంటి పొయ్యిలో వెయ్యకండి. అందులో నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కిస్తుంది, దాని పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది, గొట్టంలో జిగట మసి పేరుస్తుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టిక్ సంచులూ అంతే.

మూడు అంగుళాల మందానికి చీల్చి, నేలకి అర అడుగు ఎత్తున రాళ్ల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలకి గాలి ఆడనివ్వండి. నాలుగు పక్కలా పట్టా చుట్టేస్తే లోపల బూజు పడుతుంది. మాఘంలో కొట్టిన కర్ర దసరాకి సిద్ధమవుతుంది. ఎండిందో లేదో తెలియాలంటే రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టండి: ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి. అనుమానం తీరకపోతే ఒక ముక్క తూచి గుర్తు పెట్టి, వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగితే అప్పుడు వాడండి. కర్రల కుప్పలోంచి తీసేటప్పుడు చేత్తో కాకుండా ముందు కొక్కెంతో లాగండి, అందులో తేళ్లూ పాములూ చేరతాయి.

కుదిరిందో లేదో చూసుకోవడం

వెలిగించి పది నిమిషాలయ్యాక అగరొత్తి పొయ్యి నోటి దగ్గర పట్టండి. దాని పొగ లోపలికి లాగాలి. అదే అగరొత్తిని గిన్నెల అంచుల చుట్టూ, అతుకుల చుట్టూ తిప్పండి, పొగ లోపలికి పీల్చుకుపోయిన చోట సందు ఉన్నట్టు. అక్కడ మట్టి పూయండి.

తర్వాత 5 లీటర్ల నీళ్లు ముందు గిన్నెలో పెట్టి, కర్ర తూచి వాడండి. అర కిలో నుంచి ముప్పావు కిలో ఎండు కర్రతో మరగాలి. కిలో దాటిందంటే కర్ర పచ్చిదైనా అయ్యుండాలి, గాలి మరీ ఎక్కువగా లాగుతూనైనా ఉండాలి. గాలి ఎక్కువైతే బూడిద గూటికి ఇటుక ముక్క సగం అడ్డం పెట్టండి. బూడిద తెల్లగా, పొడిగా ఉండాలి. నల్లటి బొగ్గు ముక్కలు మిగులుతున్నాయంటే జాలీ కింద బూడిద నిండి గాలి ఆడడం లేదు.

పొగ వెనక్కి వస్తుంటే

వెలిగించిన మొదటి అయిదు నిమిషాలే వస్తుంటే గొట్టం చల్లగా ఉంది. బయటి పెట్టె తలుపు ఇటుక తీసి ఒక కాగితం అంటించి వేసి, మళ్లీ మూసి, అప్పుడు పొయ్యి వెలిగించండి. ఎప్పుడూ వస్తుంటే ముందు వెనక కన్నం మీద గిన్నె ఉందో లేదో చూడండి. వాడకపోయినా అక్కడ మూత గానీ నీళ్ల కాగు గానీ ఉండాలి. తర్వాత పొయ్యి నోరు: నిండా కర్రలు కుక్కితే గాలి పోయే దారి ఉండదు, నోట్లో మూడో వంతు ఖాళీ ఉంచండి. ఊదుగొట్టంతో ఊదే పని రోజూ పడుతోందంటే లోపం నోట్లోనో సొరంగంలోనో ఉంది. గాలి వీచినప్పుడు మాత్రమే వస్తుంటే గొట్టం పొట్టిది. గొట్టం అతుకుల్లోంచి నల్లటి జిగట ద్రవం కారుతుంటే కర్ర పచ్చిది, గొట్టాన్ని తిట్టి లాభం లేదు.

మసి తియ్యడం

1980ల్లో ప్రభుత్వ పథకం కింద మన ఊళ్లలోనూ పొగలేని పొయ్యిలు కట్టారు. చాలాచోట్ల గొట్టం మసితో పూడిపోయి, తీసేవాళ్లు లేక, పొయ్యినే పగలగొట్టేశారు. కాబట్టి ఇది వాయిదా వెయ్యకండి. వారానికోసారి వెనక గదిలో, సొరంగంలో బూడిద గోకండి. నెలకోసారి పెట్టె తలుపు తీసి అద్దం ముక్క పెట్టి పైకి చూడండి. లోపలి మసి 3 మి.మీ. మందం దాటితే టోపీ తీసి, తాడుకి కట్టిన ముళ్ల కొమ్మ గానీ గట్టి చీపురు గానీ పైనుంచి కిందికి దింపి లాగండి. పొయ్యి పూర్తిగా చల్లారాకే. తీసిన మసి ఒక రోజు రేకు డబ్బాలో ఉంచాకే కుప్పలో వెయ్యండి.

గొట్టంలో మసి అంటుకుంటే హోరుమని శబ్దం వస్తుంది, రేకు ఎర్రబడుతుంది. అప్పుడు పొయ్యి నోరు, బూడిద గూడు రెండూ తడి గోనెతో, మట్టితో మూసేయండి, గాలి ఆగితే మంట ఆగుతుంది. గొట్టంలోకి నీళ్లు పొయ్యకండి, పగులుతుంది. ఇంట్లోవాళ్లని బయటికి పంపి, 101కి ఫోను చెయ్యండి, పెంకుల కింద వాసాలు చల్లబడే దాకా గమనిస్తూ ఉండండి.

చలి ఎక్కువైన రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని కుంపటిలోకి తీసి పడకగదిలో పెట్టుకుని తలుపులు వేసుకోవడం ఏజెన్సీ వైపు ఇంకా ఉంది. ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, పొగ కనిపించదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలివి తప్పేదాకా తెలియదు. నిప్పులు పొయ్యిలోనే ఉండనివ్వండి, గొట్టం ఉన్నది వాటి కోసమే. గది చల్లగా ఉంటే వెనక కాగులో కాగిన నీళ్లు మూత బిగువుగా ఉన్న స్టీలు సీసాలో పోసి, గుడ్డ చుట్టి దుప్పట్లో పెట్టుకోండి.